షౌక్ సేఠ్‌దా, డ్రైవర్‌దా?

మోత్కూర్‌లో మా మామూ ముప్పై ఏళ్లు కార్లు నడిపారు. అందులో ఒక్కటీ సొంతం కాదు. మొదట హైదరాబాద్‌లో ఒక సేఠ్ గారి అంబాసిడర్, ఆ తర్వాత సౌదీలో కఫీల్ ఇంటి టయోటా. మొన్న మా ఇంట్లో కారు కొనే మాట వచ్చింది. "జపాన్ కారంటే మైలేజీ, భరోసా, అంతే! నడపడంలో మజా ఏముంటది?" అన్నాడు మా పిల్లోడు. మామూ నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు వెనక ఒక తారీఖ్ ఉంది. ఎవరూ కాగితం మీద పెట్టని తారీఖ్.

జపాన్ పేర్లు మన ఇలాఖాకు లారీల మీద కూడా వచ్చాయి. నిజాం సర్కారు పారిశ్రామిక ట్రస్టు ఫండ్, అల్లాదీన్ అండ్ కంపెనీ కలిసి 1942లో హైదరాబాద్‌లో ఆల్విన్ మెటల్ వర్క్స్ పెట్టాయి. అదే హైదరాబాద్ ఆల్విన్ 1980లలో నిస్సాన్‌తో చేయి కలిపి జహీరాబాద్‌లో చిన్న లారీలు తయారు చేసింది. టయోటా, మిత్సుబిషి, మాజ్డా కూడా అప్పుడే ఇక్కడి కంపెనీలతో కలిసి అలాంటి బండ్లే తెచ్చాయి. లారీ అంటే రోజీ. అందులో షౌక్ సంగతి ఎవరు అడుగుతారు?

షౌక్ కారుతో వచ్చింది. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు అందజేశారు. సుజుకి డిజైన్, 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజన్. అయినా అంబాసిడర్ దిగి అందులో కూర్చున్న డ్రైవర్‌కు దునియా మారిపోయినట్టయింది. అంబాసిడర్ బరువు వెయ్యి కిలోలు దాటేది, గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండేది. మారుతి ఏడు వందల కిలోల లోపే. స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు, మాట వినేది.

లుత్ఫ్ రహస్యం అదే. తక్కువ బరువు, సాఫ్‌గా పడే గేరు, రోడ్డు సంగతి చేతికి చెప్పే స్టీరింగ్. 1993లో వచ్చిన జెన్‌కు 993 సీసీ అల్యూమినియం ఇంజనే ఉన్నా, దాని ఆషికులు ఇప్పటికీ ఉన్నారు. 2000లో హోండా సిటీకి వీటెక్ ఇంజన్ వచ్చింది. వేగం పెరిగాక వాల్వులు తెరుచుకునే తీరు మారి, ఇంజన్ కొత్త జోష్ అందుకునేది. 2005లో స్విఫ్ట్ వచ్చింది. ఇవన్నీ మామూలు కుటుంబాలు కొన్న కార్లే.

మాజ్డా వాళ్లు 1989లో ఎంఎక్స్-5 అనే రెండు సీట్ల కారు తెచ్చారు. ఇంజన్ 1.6 లీటర్లే, బరువు వెయ్యి కిలోల లోపే. దాని వెనక ఉన్న ఖయాల్‌ను జపాన్ భాషలో 'జిన్బా ఇత్తాయ్' అంటారు. గుర్రం, సవార్ ఒకటైపోవడం అని మతలబు. ఇది చెబితే మామూ అన్నారు: "గుర్రం ఎవరిదైతే ఏంది బేటా, లగాం నా చేతుల్లనే ఉండె గదా."

చివరికి ఒక పాత స్విఫ్ట్ చూశాం. రాయగిరి వైపు రోడ్డు మీద మామూ నడిపారు. యాభై దాటలేదు. మలుపుకు ముందే గేరు తగ్గించి, బ్రేకు తొక్కకుండా తిప్పారు. ఒళ్లో పెట్టుకున్న పానీ బాటిల్ కదల్లేదు. పిల్లోడు ఏమీ అనలేదు. తిరిగి వచ్చేటప్పుడు, "మామూ, నాకు నేర్పిస్తరా?" అని అడిగాడు.

రోడ్డు మీద పక్కవాడి జాన్ మన చేతిలో అమానత్. ఆ ఖయాల్ ఉంచుకుని నడిపితే షౌక్‌లో ఐబు లేదు. మీ ఇంట్లో కూడా గల్ఫ్‌లో బండి నడిపి వచ్చిన బుజుర్గ్ ఎవరైనా ఉంటారు. ఎంత సంపాదించారని అందరూ అడిగే ఉంటారు. ఏ కారు నడపడం ఇష్టమో ఒకసారి అడగండి.