హైతీ విరాళాలు, అమెరికన్ రెడ్‌క్రాస్: అపనమ్మకానికి మూలం ఎక్కడ?

విపత్తు విరాళాల మీద జనానికి నమ్మకం పోయిందంటే, మధ్యలో ఎవరో తినేశారనే ముందుగా అనుకుంటాం. 2010 భూకంపం తర్వాత హైతీలో అమెరికన్ రెడ్‌క్రాస్ పనిపై వచ్చిన విమర్శను పరిశీలిస్తే ఆ అనుమానం సరిపోదు. అక్కడ సొమ్ము స్వాహా అయిందని ఎవరూ రుజువు చేయలేదు. అయినా నమ్మకం దెబ్బతింది. లెక్క చెప్పిన తీరే అందుకు ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదన.

2010 జనవరి 12న 7.0 తీవ్రతతో వచ్చిన భూకంపానికి రాజధాని పోర్టోప్రిన్స్‌లో చాలా భాగం కూలిపోయింది. అమెరికాలో సెల్‌ఫోన్‌ నుంచి ‘హైతీ’ అని 90999కు సందేశం పంపితే చాలు, రెడ్‌క్రాస్‌కు 10 డాలర్లు విరాళంగా ఫోను బిల్లులో పడేవి. ఆ దారిలోనే 3 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. మొత్తం వసూలు సుమారు 48.8 కోట్ల డాలర్లు. డాలరుకు 91 సెంట్లు హైతీకే చేరతాయని సంస్థ దాతలకు చెప్పింది.

2015 జూన్‌లో ప్రోపబ్లికా, ఎన్‌పీఆర్ వార్తా సంస్థల పరిశోధన వెలువడింది. లక్షా 30 వేల మందికి నివాసం కల్పించామన్న రెడ్‌క్రాస్ కట్టిన శాశ్వత గృహాలు ఆరు. ఆ లక్షా 30 వేలలో తాత్కాలికంగా అద్దె సాయం అందుకున్నవాళ్లు, సొంత ఇల్లు బాగుచేసుకోవడంపై శిక్షణకు హాజరైనవాళ్లు కూడా ఉన్నారు. కాంపెష్ అనే కొండవాలు పేదల పేటలో వందల కొత్త ఇళ్లు కడతామని మొదట అనుకున్నారు. 2015 నాటికి అక్కడ ఒక్కటీ లేవలేదు. భూమి ఎవరిదో తేల్చే పత్రాలు హైతీలో సరిగా లేకపోవడం నిజమైన అడ్డంకే. కానీ అవే చిక్కుల మధ్య ఇతర సంస్థలు వేల ఇళ్లు కట్టగలిగాయి.

91 సెంట్ల మాటను ఇక్కడే జాగ్రత్తగా చదవాలి. రెడ్‌క్రాస్ తన నిర్వహణ ఖర్చుగా 9 సెంట్లు మినహాయించుకుని, చాలా పనులను ఇతర సంస్థలకు అప్పగించింది. ఆ సంస్థలూ తమ ఖర్చులు పట్టుకున్నాయి. అద్దె సాయం పథకంలో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ సమాఖ్య 26 శాతం తీసుకుంది. చేతులు మారినప్పుడల్లా తరిగిన ఆ సొమ్ము దాతకు చూపిన లెక్కలో మాత్రం హైతీకి చేరినట్టే ఉంది. అమెరికా సెనేటర్ చక్ గ్రాస్లీ 2016లో విడుదల చేసిన నివేదిక ప్రకారం నాలుగో వంతు, అంటే సుమారు 12.4 కోట్ల డాలర్లు, సంస్థ అంతర్గత ఖర్చులకే పోయింది. ఈ లెక్కను రెడ్‌క్రాస్ ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఆ వాదన ఎటు తేలినా దాత పరిస్థితి మారదు. నిజం తేల్చుకునే వివరాలు అతని చేతికి ఎప్పుడూ రాలేదు.

దీనికి ముందే ఒక గుణపాఠం ఉంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల బాధితుల కోసం వసూలైన 50 కోట్ల డాలర్ల పైచిలుకు లిబర్టీ ఫండ్‌లో కొంత భాగాన్ని భవిష్యత్ అవసరాలకు దాచాలని ఇదే సంస్థ చూసింది. జనం మండిపడ్డారు, అధ్యక్షురాలు బెర్నడిన్ హీలీ పదవి వదిలారు, నవంబరులో సంస్థ వెనక్కి తగ్గింది. ఆ తర్వాత తెచ్చిన సంస్కరణలు ఏ విపత్తుకు ఇచ్చిన డబ్బు ఆ విపత్తుకే వెళ్లాలన్న హామీ మీద నిలిచాయి. అది అవసరమైన హామీయే. అయితే హైతీ సొమ్ము హైతీ పేరు మీదే ఖర్చయింది కాబట్టి ఆ హామీ అక్కడ అక్కరకు రాలేదు. ఎన్ని చేతులు మారింది, ఒక్కొక్కరు ఎంత పట్టుకున్నారన్న ప్రశ్న దాని పరిధిలోనే లేదు.

2016లో మాథ్యూ తుపాను హైతీని తాకినప్పుడు, రెడ్‌క్రాస్‌కు ఇవ్వకండని హైతీయులే సామాజిక మాధ్యమాల్లో పిలుపునిచ్చారు. మరుసటి ఏడాది అమెరికాలో హార్వీ తుపాను వేళ, విరాళంలో ఎంత భాగం నేరుగా సాయానికి వెళ్తుందని ఎన్‌పీఆర్ అడిగితే, రెడ్‌క్రాస్ విపత్తు కార్యకలాపాల ఉపాధ్యక్షుడు తనకు తెలియదన్నారు. దాతలకు వేరే సంస్థను ఎంచుకునే వీలైనా ఉంది. తమ పేటకు కేటాయించిన సొమ్ము ఏమైందని అడగడానికి కాంపెష్ వాసులకు ఏ దారీ లేదు. అందుకే ప్రతి పథకానికీ చివరి చేతి దాకా మినహాయింపులు చూపే లెక్కలు దాతల దేశంలోనే కాకుండా, హైతీయులు చదువుకునే క్రియోల్ భాషలోనూ ప్రకటించాలి.