నీళ్ళు పోసిన నాడే బడికి

జబ్బుపడ్డ పిల్లవాణ్ణి మళ్ళీ బడికి పంపే రోజును మన పెద్దలు థర్మామీటరు చూసి నిర్ణయించలేదు. ముందు లంఖణం, జ్వరం జారాక పథ్యం, ఒంట్లో సత్తువ వచ్చాక తలకు నీళ్ళు. అంతవరకూ గడప దాటనిచ్చేవారు కారు. అమ్మవారు పోసిన ఇంటి గుమ్మానికి వేపమండలు కట్టడం భక్తి మాత్రమే కాదు, వచ్చేపోయేవారికి హెచ్చరిక కూడా. మశూచిలో చెక్కులన్నీ రాలేదాకా అంటు తీరదు గనుక, ఆ ఎడబాటు వైద్యానికి విరుద్ధమేమీ కాదు. 1980లో మశూచి లోకంలోంచే తొలగింది. ఆటలమ్మకు మాత్రం నేటి వైద్యులు కూడా పొక్కులన్నీ ఎండేదాకా బడి వద్దంటారు. తట్టుకైతే దద్దురు కనబడ్డాక నాలుగు రోజులు.

ఈ లెక్క మన్యపు జ్వరం దగ్గర తప్పింది.

కల్లూరు నుంచి ఈశాన్యంగా సాగితే భద్రాచలం అడవులు. 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేవరకూ ఆ తాలూకా గోదావరి జిల్లాది. దోమకు మాత్రం ఏ ఎల్లలూ లేవు. చలి, వణుకు, ఒళ్ళు కాలడం, చెమట, ఆపైన పిల్లవాడు లేచి అన్నం అడుగుతాడు. మరునాడు వీధిలో ఆటలు. వైవాక్స్ రకమైతే సుమారు 48 గంటలకు మళ్ళీ వణుకు. నీళ్ళు ఏనాడు పోయాలి? ఆడుకుంటున్న వాణ్ణి ఏ తల్లి ఆపగలదు? ఫాల్సిపరం రకానికి ఆ వరస కూడా ఉండకపోవచ్చు. మెదడుకెక్కితే గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది.

1897లో సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని దోమ కడుపులో చూశాడు. (అప్పటికి కల్లూరు కూడా నైజాం రాజ్యంలోనిదే!) అంటే ఇది పక్కన కూర్చుంటే అంటే జబ్బు కాదు. బడి మాన్పించడం ఇతర పిల్లల కోసం కాదు, ఆ రోజే వాడికి రక్తపరీక్ష చేయించడం కోసం. 1953లో మొదలైన డి.డి.టి. చల్లకంతో 1965 నాటికి దేశంలో కేసులు లక్షకు దిగాయి. 1976లో తిరిగి అరవై నాలుగు లక్షలు దాటాయి.

ఇక ఏజెన్సీలోని ఆశ్రమ పాఠశాలల సంగతి. అక్కడ "ఇంట్లో ఉంచండి" అన్న మాటకు అర్థమేమిటి? ఇల్లు అడవికి ఆవల గూడెంలో ఉంటుంది. జ్వరంతో ఉన్న పిల్లను పరీక్ష చేయించకుండా ఇంటికి పంపడమంటే, మందుకు దూరంగా పంపడమే. ఇది నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. ముందు పరీక్ష, మొదటి మోతాదు, దోమతెర. ఇంటికి పంపే మాట ఆ తరవాత.

వైవాక్స్‌కు మరో చిక్కుంది. జ్వరం రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది గాని, కాలేయంలో దాగిన క్రిమి కోసం వైద్యుడు రాసే ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు మింగాలి. నాలుగో నాడు బడికి పంపడానికి అభ్యంతరం లేదు. ఇంకా ఎన్ని మాత్రలు మిగిలాయో పంతులుగారికి కాగితం మీద రాసి ఇవ్వాలి.