150 మాటల మేనిఫెస్టో

న్యూజిలాండ్‌లో మూడేళ్లకోసారి అక్టోబరులో స్థానిక ఎన్నికలు వస్తాయి. వెల్లింగ్టన్ నగరానికి ఉత్తర శివారు అయిన తావాలో మేయరు, కౌన్సిలర్లతో పాటు కమ్యూనిటీ బోర్డు సభ్యులనూ ఎన్నుకుంటారు. బ్యాలెట్ కొన్ని వారాల ముందే పోస్టులో ఇంటికి చేరుతుంది. దానికి జతగా ఓ చిన్న పుస్తకం. అందులో ఒక్కో అభ్యర్థి ఫోటో, 150 మాటలకు మించని ప్రకటన ఉంటాయి. తాను ఆ ప్రాంతంలోనే నివసిస్తున్నదీ లేనిదీ కూడా అభ్యర్థి చెప్పి తీరాలి. మిగతా మాటల నిజానిజాలకు మాత్రం ఎన్నికల అధికారి పూచీ పడరు. తూచి చూసుకోవాల్సింది ఓటరే.

ఎలా తూచాలో తెలియాలంటే 1989 నాటి సంగతి తెలియాలి.

అప్పటిదాకా తావా ఒక బరో, అంటే మన మునిసిపాలిటీ లాంటిది. మేయరు, పన్నులు, సిబ్బంది అన్నీ సొంతమే. దేశమంతటా కౌంటీలు, బరోలు, రేవు బోర్డులు, మురుగునీటి బోర్డులు, కుందేళ్ల బెడద చూసే బోర్డులు కలిపి దాదాపు 850 స్థానిక సంస్థలుండేవి. లేబర్ ప్రభుత్వ మంత్రి మైఖేల్ బాసెట్ పూనికతో, బ్రయన్ ఎల్వుడ్ నేతృత్వంలోని కమిషన్ వాటిని 86కి కుదించింది. తావా వెల్లింగ్టన్‌లో కలిసిపోయింది. చిన్న ఊళ్ల గోడు పెద్ద కౌన్సిల్ చెవికి ఎక్కేలా కమ్యూనిటీ బోర్డులు పెట్టారు గానీ, ఖజానా మాత్రం కౌన్సిల్ చేతికే వెళ్లింది. మన గ్రామ పంచాయతీ ఇంటిపన్ను వేయగలదు. ఈ బోర్డుకు ఆ అధికారం లేదు. 2002 నాటి చట్టం ప్రకారం అది ఆస్తులు కొనకూడదు, ఉద్యోగులను పెట్టుకోకూడదు.

ఈ కొలబద్దతో చూస్తే హామీల బరువు తేలిపోతుంది. ‘పన్ను తగ్గిస్తాను’ అనే బోర్డు అభ్యర్థి సిటీ కౌన్సిల్ చేతిలో ఉన్న పని గురించి మాట్లాడుతున్నట్టు. ‘రైళ్లు, బస్సులు పెంచుతాను’ అంటే అది ప్రాంతీయ కౌన్సిల్ బాధ్యత. ‘బడి దగ్గర పిల్లలు రోడ్డు దాటే ఏర్పాటును ఈ ఏటి బడ్జెట్‌లో చేర్చమని కౌన్సిల్ ముందు వాదిస్తాను’ అన్న హామీ చిన్నగా కనిపించినా, బోర్డు అసలు పని అదే.

తావాలో ఒక్కరికే టిక్కు పెట్టి ఊరుకోనక్కర్లేదు. వెల్లింగ్టన్ 2004 నుంచి ప్రాధాన్య ఓటు పద్ధతి పాటిస్తోంది. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో లాగానే 1, 2, 3 అంకెలు వేయాలి. అంకె వేయాలంటే అభ్యర్థులను పక్కపక్కన పెట్టి పోల్చక తప్పదు.

ఈ ఎన్నికల్లో పోటీకి పౌరసత్వం కావాలి గానీ, ఓటుకు అక్కర్లేదు. శాశ్వత నివాస హోదా ఉండి, ఏడాదిగా న్యూజిలాండ్‌లో ఉంటున్నవారు పేరు నమోదు చేసుకోవచ్చు. అంత తేలిగ్గా దొరికే హక్కే అయినా, 2022లో దేశం మొత్తం మీద సగం మంది కూడా ఓటు వేయలేదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ కవరును పక్కన పడేయకూడదు. అభ్యర్థుల సమావేశానికి వెళ్లి నేరుగా అడగాలి: ఈ పని బోర్డు చేయగలదా, కౌన్సిల్‌తో చేయించాలా? చేయించేదైతే ఏ సమావేశంలో, ఎవరి మద్దతుతో?