అతుకుల బొంత: ఒక సవరణ

మన విమర్శలో ‘అతుకుల బొంత’ ఒక తిట్టు. నవలలో ఏకసూత్రత లేదనిపించినా, కావ్యంలో భాగాలు పొసగలేదనిపించినా ఆ మాట వాడి చేతులు దులుపుకుంటాం. కొన్నేళ్ల క్రితం నేనూ ఆ పనే చేశాను. వలస కూలీల ఉత్తరాలు, మేస్త్రీ లెక్కలు, ఆడవాళ్ల పాటలు కలిపి రాసిన ఒక తొలి నవలను సమీక్షిస్తూ ‘ఇది నవల కాదు, అతుకుల బొంత’ అని తీర్పు చెప్పాను. సమీక్ష చదివి వినిపిస్తే మా అమ్మ ఒకే మాట అడిగింది: “బొంత ఏం తప్పు చేసిందిరా?”

అప్పుడు నవ్వి ఊరుకున్నాను. జవాబు వెతకవలసిన అవసరం మా పాఠశాల కంప్యూటరు గదిలో కలిగింది. బొంతల నమూనాలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికితే, అమ్మ కుట్టిన బొంతను అందులో గీద్దామని కూర్చున్నాను. అది మొదటే అడిగింది: అడ్డంగా ఎన్ని గళ్లు, నిలువుగా ఎన్ని గళ్లు, ఒక్కో గడి కొలత ఎంత? అమ్మ బొంతకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. పాత చీరెలో చిరగని మేర ఎంత మిగిలితే ముక్క అంత. ఒక మూల నాన్న పంచె, మరో మూల నా చిన్ననాటి చొక్కా వీపు. మరి ఈ బొంతకు రూపమే లేదా? లేక ఆ యంత్రానికి తెలిసిన రూపం ఒక్కటేనా?

ఈ తరహా సాఫ్ట్‌వేర్‌లో పేరు పొందిన ‘ఎలక్ట్రిక్ క్విల్ట్’ 1991లో అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో వెలువడింది. దాని పద్ధతి తేలిక. గడిలోని నమూనా ఎన్నుకోవాలి, అందులో గుడ్డల బొమ్మలు నింపాలి, రంగులు మార్చి మార్చి చూడాలి. ఏ గుడ్డ ఎన్ని గజాలు కావాలో యంత్రమే లెక్క కడుతుంది. కత్తెర పట్టకముందే బొంత కళ్ల ముందుంటుంది. బార్బరా బ్రాక్‌మన్ అనే చరిత్రకారిణి సేకరించి 1993లో గ్రంథంగా తెచ్చిన 4,000 పైచిలుకు నమూనాలు కూడా తర్వాత కంప్యూటరుకెక్కాయి. పేరు తెలియని ఎందరో స్త్రీల ఆలోచన అలా నిలిచింది. ఇది చిన్న మేలు కాదు.

యంత్రాన్ని ద్వేషించడం అభ్యుదయ దృష్టి కాదు. పైగా కంప్యూటరుకూ గుడ్డకూ చుట్టరికం పాతది. ఫ్రాన్సులో జకార్డ్ 1804లో రూపొందించిన మగ్గానికి ఏ పువ్వు నేయాలో చెప్పేవి చిల్లులు పొడిచిన అట్టలే. ఇంగ్లండులో బాబేజ్ తన గణన యంత్రానికి ఆ అట్టలనే వాడదలచాడు. ధర్మవరం మగ్గాల మీద ఆ అట్టల దండ తిరగడం చూసినవారికి ఈ బంధుత్వం వేరే చెప్పనక్కర లేదు.

చిక్కు మరొకచోట ఉంది. యంత్రం తెర మీద గుడ్డకు కొరత లేదు. కాని బొంత పుట్టిందే కొరతలో.

అలబామా రాష్ట్రంలో నది వంపు తిరిగిన చోట ‘జీస్ బెండ్’ అనే పల్లె ఉంది. పత్తి తోటల బానిసల వారసులు అక్కడి నల్లజాతి ప్రజలు. చాలామంది ఇంటిపేరు నేటికీ పెట్‌వే, అంటే ఒకనాటి యజమాని పేరే. 1932లో అప్పు కింద వాళ్ల పశువులనూ, పనిముట్లనూ, తిండి గింజలనూ జప్తు చేసుకుపోయారు. ఓటు హక్కు కోసం నది దాటి పట్టణానికి వెళ్లసాగితే 1962లో రేవు పడవనే ఆపేశారు. అది మళ్లీ నడిచింది 2006లో! ఆ పల్లె ఆడవాళ్లు చలికి కప్పుకోవడానికి చిరిగిన పని బట్టలతో బొంతలు కుట్టారు. 1942లో మిస్సూరీ పెట్‌వే అనే ఆమె చనిపోయిన భర్త పని బట్టలను ముక్కలు చేసి బొంత కుట్టింది. ఆ నమూనాను ఏ గడిలో ఇరికించగలం?

ఆ ప్రాంతపు స్త్రీలు 1966లో ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అనే సహకార సంఘం పెట్టుకున్నారు. 1972లో సియర్స్ అనే పెద్ద వర్తక సంస్థకు కార్డురాయ్ దిండు గలీబులు కుట్టే పని వచ్చింది. అక్కడ ఒకే కొలత, ఒకే తీరు. కాని మిగిలిన పేలికలు ఇళ్లకు చేరి ఎవరి తీరున వారి బొంతలయ్యాయి. అవే చేతులు, అదే గుడ్డ. ఆజ్ఞ ప్రకారం చేసిన శ్రమకూ స్వేచ్ఛగా చేసిన శ్రమకూ ఇంతకంటే సాక్ష్యం కావాలా? 2002లో ఆ పల్లె బొంతలు న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడకెక్కాయి. విమర్శకులు వాటిని ఆధునిక చిత్రకళతో పోల్చి మెచ్చుకున్నారు. ఆ మెప్పులోనూ కొలబద్ద వాళ్లదే, బొంతది కాదు.

ఆ కొలబద్ద కిందే ధర కూడా నిర్ణయమయింది. 1837లో జార్జియాలో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ 11 చట్రాలలో బైబిలు కథలను గుడ్డ బొమ్మలుగా కుట్టింది. మొదట అమ్మనన్నది. ఇల్లు గడవని రోజుల్లో 10 డాలర్లకు ఇస్తానంటే చేతికి 5 డాలర్లే వచ్చాయి. అయినా ఒక్కో చట్రం కథను కొన్నామెకు నోటితో చెప్పి మరీ అప్పగించింది. తన రచనకు తానే వ్యాఖ్యాత. ఆ బొంత ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది.

ఇదంతా చదివాక నేను తిట్టిన నవలను మళ్లీ తీశాను. మేస్త్రీ లెక్కల పుట పక్కన బాలింత పాట ఉండటం అప్పుడు నాకు పొసగని అతుకు. ఇప్పుడు తేదీలు చూశాను. లెక్కల్లో రెండు రోజుల కూలి కోత పడిన తేదీ, ఆ బిడ్డ పుట్టిన తేదీ ఒకటే. రచయిత్రి ఆ సంగతి ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు. రెండు ముక్కలను పక్కపక్కన కుట్టి వదిలింది. అది చదవలేకపోయింది నేను. వస్తువు, శిల్పం వేరు కావని తరగతిలో పాఠం చెప్పేవాణ్ణి, కుట్టు దగ్గర తప్పిపోయాను.

అతుకులున్న ప్రతి రచనా గొప్పదని కాదు. కుట్టు నిలవని బొంతలూ ఉంటాయి. కాని విద్యార్థి మిత్రులు ఒక రచనను బొంత అనేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలని మనవి: ఈ ముక్క ఎవరి ఒంటి మీది బట్ట? దాన్ని ఇక్కడే ఎందుకు కుట్టారు? విప్పి తీసేస్తే చలి ఎవరికి?

నా సమీక్షలోని ఆ వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను. అమ్మ బొంతను మాత్రం ఆ యంత్రంలో గీయలేకపోయాను. గళ్ల కాగితం పక్కన పెట్టి, ఏ ముక్క ఎవరిదో అమ్మను అడిగి రాసుకుంటున్నాను. ఇప్పటికి 23 ముక్కలయ్యాయి.