మండువా లోగిలి నుండి వేఱింటికి

శోభనాచలము నీడనున్న ఆగిరిపల్లి నూజివీటి మామిడితోటల సీమలోనిది. ఈ సీమలో కలిగినవారి పాత నివాసము మండువా లోగిలి: నడుమ ఆకాశమునకు తెఱచిన మండువా, చుట్టును వసారాలు, ఒకే వంటయిల్లు. తోట ఉమ్మడిది, కాయ అమ్మిన సొమ్ము ఉమ్మడిది, ఇల్లును ఉమ్మడిదే. క్రొత్తగా పెండ్లియైన జంటకు ఎట్టి యిల్లు కావలెనని అడిగినవారు లేరు.

ఈ కట్టుబాటును మొదట సడలించినది చదువు. కుటుంబధనముతో చదివినవాని జీతము కూడ ఉమ్మడి సొత్తేయను వాదము న్యాయస్థానములలో చాలకాలము నడచినది. 1930 నాటి హిందూ విద్యార్జన చట్టము ఆ సంపాదనను ఆర్జించినవానికే స్వంతము చేసినది. బెజవాడలోనో, చెన్నపట్టణములోనో ఉద్యోగించు యువకునకు తన జీతముతో వేఱిల్లు కట్టుకొను ధైర్యము అట్లు కలిగినది.

ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణచట్టము 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు ఉమ్మడి ఆస్తిలో జన్మహక్కు నొసగినది. 2005లో దేశమంతటను కుమార్తెల కీ హక్కు లభించినది. ఇంటిని గూర్చిన ఆలోచనలో ఆడపిల్ల మాటకును బలము చేకూరినది.

1987లో రాష్ట్రమునకు అపార్టుమెంట్ల చట్టము వచ్చినది. అందు ఇల్లు కొన్నవానికి దక్కునది నేలలో విభజింపరాని వాటా. మెట్లు, నీటితొట్టి అందఱివి. అన్నదమ్ములతో ఉమ్మడిని వదలి వచ్చినవారు అపరిచితులతో ఉమ్మడిని కోరి కొనుచున్నారు! యువజనులకు కలసియుండుట బరువు కాలేదు. తమ మాట చెల్లకపోవుటయే బరువైనది. పెద్దలు ఇది గ్రహించినచో, లోగిలి తలుపులు మూతపడవు.