తటస్థీకరణం
ఆమ్లం, క్షారం చర్య జరిపి లవణాన్ని, సాధారణంగా నీటిని ఏర్పరిచే రసాయన చర్య. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సోడియం హైడ్రాక్సైడ్ తగిన పాళ్లలో కలిస్తే మిగిలేది మనం తినే ఉప్పు, నీరే. నిజానికి ఆ ద్రావణంలో సోడియం, క్లోరైడ్ అయాన్లు ఊరికే ఉంటాయి. హైడ్రోజన్ అయాను హైడ్రాక్సైడ్ అయానుతో కలిసి నీరవుతుంది. అందుకే బలమైన ఆమ్ల, క్షారాలు ఏవైనా, విలీన ద్రావణాల్లో ఒక మోల్ నీటికి వెలువడే వేడి సాధారణంగా 57 కిలోజౌళ్ల దగ్గరే ఉంటుంది. ఫినాఫ్తలీన్ అనే సూచిక వేసిన క్షారంలోకి బ్యూరెట్ నుంచి ఆమ్లం వదులుతుంటే, చివరి ఒక్క చుక్కతో గులాబీ రంగు మాయమవుతుంది; అది చూసి తీరవలసిన ఘట్టం. లవణాలన్నీ తటస్థమని అనుకోకూడదు: అమ్మోనియం క్లోరైడ్ ద్రావణం ఆమ్ల గుణాన్ని, సోడియం అసిటేట్ ద్రావణం క్షార గుణాన్ని చూపుతాయి. ప్రతిసారీ నీరు రావాలనీ లేదు. అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులు కలిస్తే తెల్లని పొగ కమ్ముతుంది. అది నవాసారం, అంటే అమ్మోనియం క్లోరైడ్ రేణువులే.