విధాన పరిశోధన సంస్థలు: నిధులు ఎవరివి, నిర్ణయం ఎవరిది?

ప్రభుత్వ విధానాలను ప్రభుత్వానికి వెలుపల నిలిచి, ఆధారాలతో పరిశీలించే సంస్థలను విధాన పరిశోధన సంస్థలు లేదా థింక్ ట్యాంకులు అని వ్యవహరిస్తారు. పరిశోధనలో తేలిన సత్యం పాలకులకు గానీ, దాతలకు గానీ రుచించకపోయినా దానిని ప్రకటించగలగడమే వాటి స్వతంత్రతకు గీటురాయి. ఆ స్వతంత్రత ఎంత సున్నితమైనదో న్యూఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ (సీపీఆర్) అనుభవం తెలియజేస్తుంది.

పాత్ర

సీపీఆర్‌ను 1973లో వి.ఎ. పాయ్ పణందీకర్ స్థాపించారు. విదేశాంగ విధానం, పట్టణీకరణ, భూమి హక్కులు, వాతావరణ మార్పులు, జలవనరులు దాని అధ్యయన రంగాలు. కేంద్ర జలవనరుల శాఖ కార్యదర్శిగా 1987 నాటి తొలి జాతీయ జలవిధాన రూపకల్పనలో పాల్గొన్న రామస్వామి ఆర్. అయ్యర్, పదవీ విరమణానంతరం ఇక్కడి నుంచే నదుల అనుసంధానం వంటి పథకాలను విమర్శనాత్మకంగా విశ్లేషించారు. ప్రాథమిక విద్యకు కేటాయించిన సొమ్ము బడి దాకా ఎంత చేరుతున్నదో, ఎప్పుడు చేరుతున్నదో లెక్కగట్టే అధ్యయనాలు కూడా ఈ సంస్థ నుంచి వెలువడ్డాయి.

నిధులు

ఇటువంటి సంస్థలకు ప్రధానంగా నాలుగు ఆదాయ మార్గాలున్నాయి. మొదటిది మూలనిధి. ఆర్.ఆర్. కాలే విరాళంతో 1930లో పుణెలో ఏర్పడిన గోఖలే ఇన్‌స్టిట్యూట్ ఇందుకు తొలి ఉదాహరణలలో ఒకటి. రెండవది ప్రభుత్వ గ్రాంటు. 1969లో ఏర్పడిన భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) దేశంలోని పలు సంస్థలకు సహాయం అందిస్తోంది. హైదరాబాదులో 1980లో నెలకొన్న సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ వాటిలో ఒకటి. మూడవది పారిశ్రామిక సంస్థల తోడ్పాటు. 1990లో ప్రారంభమైన అబ్జర్వర్ రిసెర్చ్ ఫౌండేషన్‌కు రిలయన్స్ అండగా నిలిచింది. నాలుగవది విదేశీ ధర్మనిధుల విరాళం. 1956లో ఏర్పడిన జాతీయ అనువర్తిత ఆర్థిక పరిశోధన మండలికి ఆరంభంలో ఫోర్డ్ ఫౌండేషన్ తోడ్పడింది.

విదేశీ విరాళాలు స్వీకరించడానికి కేంద్ర హోంశాఖ వద్ద నమోదు తప్పనిసరి. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక సంస్థ పొందిన విదేశీ విరాళాన్ని మరొక సంస్థకు బదిలీ చేయడాన్ని నిషేధించింది.

సీపీఆర్ ఉదంతం

2022 సెప్టెంబరులో ఆదాయపు పన్ను శాఖ సీపీఆర్ కార్యాలయంలో సర్వే నిర్వహించింది. 2023 ఫిబ్రవరిలో హోంశాఖ విదేశీ విరాళాల నమోదును తాత్కాలికంగా నిలిపివేసింది. అదే ఏడాది జూన్‌లో పన్ను మినహాయింపు రద్దయింది. 2024 జనవరిలో హోంశాఖ నమోదును పూర్తిగా రద్దు చేసింది. విదేశీ నిధులను చట్టం అనుమతించని పనులకు వినియోగించారన్నది ప్రభుత్వ అభియోగం. నిబంధనలన్నీ పాటించామని, న్యాయమార్గంలో ఎదుర్కొంటామని సంస్థ ప్రకటించింది. వాదనలలో ఎవరిది సబబన్నది అలా ఉంచితే, ఫలితం మాత్రం వెంటనే కనిపించింది. ఆదాయంలో అధిక భాగం విదేశీ విరాళాలే కావడంతో జీతాలకు ఇబ్బంది ఏర్పడింది. ఎందరో పరిశోధకులు సంస్థను వీడారు.

పాలన

సాధారణంగా పాలకమండలి సంస్థాధిపతిని నియమించి, లెక్కలను పర్యవేక్షిస్తుంది. పరిశోధన ఫలితాలలో మాత్రం తలదూర్చదు. దాతల జాబితా, ఆడిట్ నివేదిక బహిరంగంగా ఉంచడం, ఏ ఒక్క దాతపైనా పూర్తిగా ఆధారపడకపోవడం మేలైన పద్ధతులు. శ్రీలంకలో పార్లమెంటు చట్టంతో ఏర్పడి 1990లో పని మొదలుపెట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాలసీ స్టడీస్, తొలుత నెదర్లాండ్స్ సాయంతో నడిచి, క్రమంగా సొంత నిధిని సమకూర్చుకుంది.

గ్రాంటు ఆగవచ్చు, దాత మనసు మారవచ్చు, అనుమతి రద్దు కావచ్చు. అందువల్ల ఏ మార్గమూ సంపూర్ణ రక్షణ ఇవ్వదు. విధాన సంస్థను అంచనా వేసే పౌరుడు నివేదికతో పాటు మూడు విషయాలు చూడాలి: సొమ్ము ఎక్కడిది, పాలకమండలిలో ఎవరున్నారు, దాతకు నచ్చని నివేదిక ఎప్పుడైనా వెలువడిందా?